పొడితో దమ్ము పెరుగుతుందా?

జనగామలోనో, మహబూబాబాదులోనో, భూపాలపల్లిలోనో తెల్లవారుజామున ఏదైనా మైదానం వైపు వెళ్ళి చూడండి. ఇంకా వెలుగు రాకముందే అన్నలు, అక్కలు గుండ్రంగా తిరుగుతూ పరుగెత్తుతుంటారు. కొందరు ఆటల పోటీల కోసం, మరికొందరు సైన్యంలో చేరడానికి, ఇంకా చాలామంది పోలీసు ఉద్యోగం కోసం. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాల్లో మగవాళ్ళు 1600 మీటర్ల దూరాన్ని 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. ఆడవాళ్ళు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. ఒక్క సెకను ఆలస్యమైనా అంతే సంగతులు!

ఇలాంటి చోటికే ఒక డబ్బా కూడా వస్తుంది. దాని మీద గుర్రం బొమ్మో, పుట్టగొడుగు బొమ్మో ఉంటుంది. "తమ్మీ, ఇది రోజూ రెండు చెంచాలు పాలల్ల కలుపుకొని తాగు. దమ్ము ఎట్ల పెరుగుతదో నువ్వే చూడు!" అంటాడు అమ్మేవాడు. కూలికి వెళ్ళే ఇంట్లో ఆ డబ్బా ఖరీదు అంటే కొన్ని రోజుల కూలి. అయినా ఉద్యోగం మీద ఆశతో కొంటారు.

ఇంతకీ ఆ మాట నిజమేనా? మూలికల పొడి, పుట్టగొడుగుల పొడి తింటే దూరపు పరుగు మెరుగవుతుందా? పరుగెత్తిన తర్వాత నొప్పులు తొందరగా తగ్గుతాయా? అవుననిగాని, కాదనిగాని వెంటనే చెప్పేయకుండా శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు జవాబు ఎలా వెతికారో చూద్దాం.

దమ్ము అంటే ఏమిటి?

మీరు వంద మీటర్లు ఒక్క ఉరుకున పరుగెత్తగలరు. కిలోమీటరు పరుగెత్తమంటే మాత్రం ఎగశ్వాస వస్తుంది. ఎందుకు? కండరాలు చాలాసేపు పనిచేయాలంటే వాటికి ప్రాణవాయువు, అంటే ఆక్సిజన్, ఎడతెరిపి లేకుండా అందుతూ ఉండాలి. గాలిలోని ఆక్సిజన్ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. అక్కడ రక్తంలోని ఎర్రకణాలు దాన్ని అందుకుంటాయి. ఎర్రకణాల్లో ఉండే హిమోగ్లోబిన్ అనే పదార్థమే ఈ ఆక్సిజన్‌ను మోసే కూలీ. గుండె ఆ రక్తాన్ని కండరాల దాకా తోస్తుంది. కండరంలో మైటోకాండ్రియా అనే అతిచిన్న కొలుములు ఆ ఆక్సిజన్‌తో ఆహారాన్ని మండించి శక్తి పుట్టిస్తాయి.

ఊరికే కూర్చున్నప్పుడు పెద్దవాళ్ళ గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. బాగా సాధన చేసిన పరుగువీరుడి గుండె పరుగులో నిమిషానికి 25 లీటర్లు, ఇంకా ఎక్కువ కూడా తోయగలదు! నెలల తరబడి సాధన చేస్తే గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తాన్ని తోస్తుంది. కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. మైటోకాండ్రియాలు కూడా ఎక్కువవుతాయి. మనం దమ్ము అనేది ఇదే.

కాబట్టి ఏదైనా పొడి దమ్ము పెంచాలంటే ఈ గొలుసులో ఏదో ఒక లంకెను బలపరచాలి. "బలం వస్తుంది" అంటే చాలదు. ఏ లంకెకు బలం వస్తుంది అని అడగాలి.

పురుగు మీద మొలిచే పుట్టగొడుగు

పుట్టగొడుగుల పొడికి ఇంత పేరు రావడానికి ఒక కథ ఉంది.

హిమాలయాల్లో, టిబెట్టులో, సముద్రమట్టానికి మూడున్నర వేల మీటర్లకు పైన, భూమిలో ఒక జాతి చిమ్మట పురుగు పిల్లలు ఉంటాయి. కార్డిసెప్స్ అనే శిలీంధ్రం ఆ పురుగుకు సోకి, లోపలంతా తినేసి, దాన్ని చంపుతుంది. తర్వాత చచ్చిన పురుగు తలలోంచి సన్నని పుల్లలాగా పైకి మొలుస్తుంది. మన ఉత్తరాఖండ్ కొండల్లో దీన్ని కీడా జడీ అంటారు. కిలో లక్షల రూపాయలు పలుకుతుంది.

1993లో జర్మనీలోని స్టట్‌గార్ట్ నగరంలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. మహిళల 1500, 3000, 10,000 మీటర్ల పరుగుల్లో మూడు బంగారు పతకాలనూ చైనాకు చెందిన మా జున్‌రెన్ అనే శిక్షకుడి శిష్యురాళ్ళే గెలుచుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో బీజింగులో వాంగ్ జున్షియా 10,000 మీటర్లను 29 నిమిషాల 31.78 సెకన్లలో పరుగెత్తింది. పాత రికార్డు కంటే దాదాపు 42 సెకన్లు తక్కువ! సాధారణంగా ఇలాంటి రికార్డులు ఇంతకంటే చాలా తక్కువ తేడాతో బద్దలవుతాయి. ప్రపంచం నోరు తెరిచింది. రహస్యం ఏమిటని అడిగితే, కఠినమైన సాధన, తాబేలు రక్తం, కార్డిసెప్స్ కషాయం అని ఆ శిక్షకుడు చెప్పాడు. ఇంకేముంది! ఆ పుట్టగొడుగు పేరు దేశదేశాలకు పాకింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు ముందు జరిపిన రక్తపరీక్షల తర్వాత ఆయన శిష్యుల్లో ఆరుగురిని చైనా జట్టునుంచి తప్పించారు. 2016లో ఒక పాత ఉత్తరం బయటపడింది. తమచేత నిషేధించిన మందులు వాడించారని వాంగ్ జున్షియాతోపాటు మరికొందరు క్రీడాకారిణులు సంతకాలు చేసి 1995లో రాసిన ఉత్తరమని అప్పుడు పత్రికలు ప్రకటించాయి.

ఇప్పుడు చెప్పండి. ఆ పరుగులకు కారణం పుట్టగొడుగా, సాధనా, మందులా? మూడూ ఒకేసారి ఉన్నప్పుడు ఒకదానికి పేరు కట్టబెట్టడం ఎలా కుదురుతుంది?

విడదీసి చూడటం

మైదానంలో జరిగేది కూడా ఇదే. ఒక అన్న పొడి కొంటాడు. డబ్బు పెట్టాడు కనుక అదే రోజునుంచి క్రమం తప్పకుండా పరుగుకు వస్తాడు. తొందరగా పడుకుంటాడు. రోజూ పాలు తాగుతాడు. రెండు నెలలకు అరనిమిషం తగ్గుతుంది. "పొడి పనిచేసింది!" అంటాడు. పని చేసింది పొడా, పరుగా, పాలా, నిద్రా? గడియారం కాలాన్ని చెబుతుంది. కారణాన్ని మాత్రం చెప్పదు.

కారణం తెలియాలంటే పోల్చి చూడాలి. ఒకే స్థాయి ఉన్న పరుగువీరులను చీట్లు తీసి రెండు జట్లుగా విడదీస్తారు. సాధన, తిండి, విశ్రాంతి అందరికీ ఒకటే. ఒక జట్టుకు మందు ఉన్న గొట్టాలు, రెండో జట్టుకు అచ్చం అలాగే కనిపించే పిండి గొట్టాలు ఇస్తారు. ఎవరు ఏది మింగుతున్నారో వాళ్ళకూ తెలియదు, కొలతలు తీసే వాళ్ళకూ తెలియదు. ఎందుకీ గోప్యం? మంచి మందు తిన్నానన్న నమ్మకం కొంచెం ఎక్కువ కష్టపడేలా చేస్తుంది. ఆ నమ్మకం చేసే పనిని లెక్కలోంచి తీసివేయాలి కదా!

ఈ పరీక్షకు కార్డిసెప్స్‌ను పెట్టారు. 2004లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధనలో 22 మంది సైకిల్ పందెగాళ్ళు 5 వారాలు గొట్టాలు మింగారు. పుట్టగొడుగు జట్టుకు, పిండి జట్టుకు దమ్ములో తేడా కనిపించలేదు. 2017లో ప్రకటించిన మరో పరిశోధన 28 మందితో మొదలైంది. రోజుకు 4 గ్రాముల పుట్టగొడుగుల మిశ్రమం ఇస్తే వారం రోజులకు లాభం ఏమీ లేదు. మూడు వారాలు వాడిన కొద్దిమందిలో మాత్రం కొంచెం మెరుగు కనిపించింది. కొద్దిమందిలో కనిపించినది పెద్ద గుంపులో కూడా కనిపిస్తేనే నమ్మాలి. కనుక పుట్టగొడుగుల పొడి ఈ పరీక్షలో ఇంకా ఉత్తీర్ణం కాలేదన్నమాట.

ఇక అశ్వగంధ. మన పెద్దవాళ్ళు పెన్నేరుగడ్డ అనేది దీన్నే. దీని ఫలితాలు కొంచెం ఆశ కలిగిస్తాయి. 2012లో ప్రకటించిన ఒక పరిశోధనలో అమృత్‌సర్‌కు చెందిన శాస్త్రజ్ఞులు 40 మంది సైకిల్ క్రీడాకారులను 8 వారాలు పరీక్షించారు. 2015లో ప్రకటించిన మరొకదానిలో 50 మంది 12 వారాలు పాల్గొన్నారు. రెండింటిలోనూ వేరు సారం మింగినవారు పిండి మింగినవారికంటే ఎక్కువ ఆక్సిజన్‌ను వాడుకోగలిగారు.

అయితే వెంటనే డబ్బా కొనవచ్చా? ఆగండి. ఇవన్నీ చిన్న పరిశోధనలు. కొన్ని వారాలపాటే జరిగాయి. వాటిలో వాడినది కొలిచి తయారుచేసిన వేరు సారం. అంగట్లో దొరికే పొడిలో అదే సారం అంతే ఉందని ఎవరు చెప్పగలరు? పైగా ఆ పరిశోధనల్లో ఉన్నది పెద్దవాళ్ళు, మీ వయసు పిల్లలు కాదు. అశ్వగంధ వాడిన కొద్దిమందికి కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చిన సంఘటనలు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

పరీక్షలో నెగ్గిన గడ్డ

మొక్కలన్నీ వట్టివే అనుకోకండి. ఈ పరీక్షలో బాగా నెగ్గినది ఒకటుంది. అది కొండల్లో దొరికే మూలిక కాదు, కూరగాయల అంగట్లో దొరికే బీట్‌రూట్!

2009లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో 8 మందికి రోజుకు అరలీటరు బీట్‌రూట్ రసం ఆరు రోజులు ఇచ్చారు. మరో విడతలో వాళ్ళకే వేరే పండు షర్బతు ఇచ్చారు. తర్వాత అలసిపోయేదాకా సైకిల్ తొక్కించారు. షర్బతు తాగినప్పుడు సగటున 583 సెకన్లు తొక్కినవాళ్ళు, బీట్‌రూట్ తాగినప్పుడు 675 సెకన్లు తొక్కగలిగారు.

ఇది ఎలా సాధ్యం? బీట్‌రూట్‌లో నైట్రేట్ అనే లవణం ఎక్కువ. మన నాలుక మీద ఉండే సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. శరీరంలో అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుగా మారి రక్తనాళాలను వదులు చేస్తుంది. కండరాలు అదే పనిని తక్కువ ఆక్సిజన్‌తో చేస్తాయి. సూక్ష్మజీవులను చంపే మందునీళ్ళతో నోరు పుక్కిలిస్తే ఈ లాభం చాలావరకు పోతుంది. చూశారా, పరుగుకూ నాలుకకూ ఎంత చుట్టరికమో! తోటకూరలో, పాలకూరలో కూడా నైట్రేట్ బాగానే ఉంటుంది. అయితే బాగా ఆరితేరిన పరుగువీరులకు ఈ లాభం తక్కువే.

తేడా గమనించారా? ఇక్కడ గొలుసులో ఏ లంకె బలపడిందో చెప్పగలుగుతున్నాం. ఇతర శాస్త్రజ్ఞులు మళ్ళీ మళ్ళీ పరీక్షించి చూశారు కూడా. 2018లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం పిలిచిన నిపుణులు పోటీలో నేరుగా ఉపయోగపడతాయనడానికి మంచి సాక్ష్యం ఉన్న పదార్థాల పట్టిక ఇచ్చారు. అందులో ఉన్నవి కాస్త అయిదు. నైట్రేట్ వాటిలో ఒకటి. అశ్వగంధ, కార్డిసెప్స్ అందులో లేవు.

నొప్పులు తగ్గడం మాటేమిటి?

ఎప్పుడూ లేనిది ఒకరోజు చాలా దూరం పరుగెత్తితే మర్నాడు, ఆ మర్నాడు తొడలు, పిక్కలు సలుపుతాయి. కండరపు పోగుల్లో కంటికి కనపడనంత చిన్న చీలికలు ఏర్పడటమే దీనికి కారణం. శరీరం వాటిని బాగుచేసేటప్పుడు కండరం మునుపటికంటే గట్టిపడుతుంది.

పసుపులో కుర్కుమిన్ అనే పచ్చని పదార్థం ఉంది. దాన్ని గొట్టాల్లో ఇస్తే ఈ సలుపు కొంత తగ్గిందని కొన్ని చిన్న పరిశోధనలు చెబుతున్నాయి. కాని పసుపు పొడిలో కుర్కుమిన్ సుమారు నూటికి 3 వంతులే. అదీ మన పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కేది బహు స్వల్పం. కాబట్టి పాలలో చిటికెడు పసుపు తాగితే గొట్టం మింగినంత ఫలితం వస్తుందనుకోవద్దు. పాలలోని మాంసకృత్తులు మాత్రం కండరానికి తప్పకుండా పనికివస్తాయి!

డబ్బాలో ఇంకేముంది?

"పని చేయకపోతే పోనీ, మూలికే కదా, హాని ఏముంది?" అని మీరు అడగవచ్చు. జర్మనీలోని కొలోన్ నగరపు ప్రయోగశాల 13 దేశాలనుంచి 634 రకాల బలం డబ్బాలు కొని పరీక్షించింది. వాటిలో 94 డబ్బాల్లో, అంటే ప్రతి ఏడింటిలో ఇంచుమించు ఒకదానిలో, పైన రాయని స్టెరాయిడ్ మందులు ఉన్నాయి! ఆ లెక్కను 2004లో ప్రకటించారు. స్టెరాయిడ్లు ఎదిగే పిల్లల ఎముకల ఎదుగుదలను ముందే ఆపేయగలవు. కాలేయానికి, గుండెకు కూడా చెరుపు చేస్తాయి.

మన దేశంలోనే జరిగిన ఒక సంగతి వినండి. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లోనూ, గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లోనూ మన మహిళల 4×400 మీటర్ల రిలే జట్టు బంగారు పతకాలు గెలిచింది. దేశమంతా పండుగ చేసుకుంది. మరుసటి ఏడాది ఆ జట్టులోని ముగ్గురితో సహా ఆరుగురు క్రీడాకారిణుల మూత్రపరీక్షలో స్టెరాయిడ్లు బయటపడ్డాయి. శిక్షకుడు ఇచ్చిన జిన్‌సెంగ్ మూలిక గొట్టాలు తప్ప తామేమీ తినలేదని, మందు వాటిలోనే కలిసి ఉందని వాళ్ళు వాదించారు. ఆ విదేశీ శిక్షకుణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. క్రీడాకారిణులకు మొదట ఏడాది నిషేధం పడింది. 2012లో క్రీడల అంతర్జాతీయ న్యాయస్థానం దాన్ని రెండేళ్ళకు పెంచింది. క్రీడల్లో నియమం ఒక్కటే. నీ ఒంట్లో దొరికినదానికి నువ్వే బాధ్యుడివి. "నాకు తెలియదు" అంటే కుదరదు.

మన అడవి, మన పొలం

భూపాలపల్లి, మహబూబాబాదు అడవుల పక్కన ఉండేవారికి పుట్టగొడుగులు కొత్తవి కావు. వానలు పడగానే పుట్టల దగ్గర మొలుస్తాయి. కొందరు పుట్టకొక్కులు అంటారు. వీటిని పెంచే రైతులు ఎవరో తెలుసా? చెదపురుగులు! అవి పుట్ట లోపల ఆకులు, పుల్లలు నమిలి మడి కట్టి, దాని మీద ఈ శిలీంధ్రాన్ని సాగుచేసుకుంటాయి. మనకు కనిపించే గొడుగు ఆ పంట పైకి పంపిన పువ్వులాంటిది.

పుట్టగొడుగు కూర మంచి తిండే. పచ్చి పుట్టగొడుగులో నూటికి 90 పాళ్ళు నీళ్ళే ఉన్నా, కొంచెం మాంసకృత్తులు, బి విటమిన్లు ఉంటాయి. కాని తిండి వేరు, మంత్రం వేరు. ఇంకో హెచ్చరిక. విషపు పుట్టగొడుగులు కొన్ని తినేవాటిలాగే కనిపిస్తాయి. వాటిలో కొన్నింటి విషం ఉడికించినా పోదు. తిన్న చాలా గంటలకుగాని బాధ మొదలు కాదు, ఆలోగా కాలేయం పాడవుతుంది. వెండి నాణెం వేస్తే నల్లబడుతుందనే పరీక్ష పనికిరాదు. తెలిసిన పెద్దలు గుర్తుపట్టినవే తప్ప వేరేవి ముట్టవద్దు.

మన గొలుసును మళ్ళీ గుర్తు చేసుకోండి. ఆక్సిజన్‌ను మోసే కూలీ హిమోగ్లోబిన్ అని చెప్పుకున్నాం. హిమోగ్లోబిన్ తయారు కావాలంటే ఇనుము ఉండాలి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. కూలీలు తక్కువైతే గుండె ఎంత కొట్టుకున్నా ఏం లాభం? అలాంటి ఒక అక్క రెండు రౌండ్లకే ఆయాసపడితే, ఆమెకు కావలసింది హిమాలయాల పుట్టగొడుగు కాదు. ఆసుపత్రిలో రక్తపరీక్ష, బడుల్లో వారానికొకసారి ఇచ్చే ఇనుము మాత్ర, సజ్జలు, పప్పులు, ఆకుకూరలు, వీలైతే మాంసం. భోజనంతోపాటు ఉసిరికాయో, నిమ్మరసమో ఉంటే శరీరం ఇనుమును ఇంకా బాగా పీల్చుకుంటుంది. అన్నం తినగానే చాయ్ తాగితే ఆ ఇనుము సరిగా ఒంటబట్టదు. ఆ మాత్రకు ప్రకటనలు లేవు, డబ్బా మీద గుర్రం బొమ్మ లేదు. అందుకే కాబోలు చాలామంది దాన్ని లెక్కచేయరు!

మహబూబాబాదు జిల్లాకు పొరుగున, వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలో కల్లెడ అనే ఊరుంది. జీవాంజి దీప్తిది ఆ ఊరే. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి కంట పడి, తర్వాత హైదరాబాదులో నాగపురి రమేశ్ దగ్గర శిక్షణ పొందింది. 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. ఆమెది దూరపు పరుగు కాదు. అయినా ఏళ్ళ తరబడి సాధన, కనిపెట్టి చూసే గురువు ఉంటే మన పల్లె బడి మైదానం నుంచి ఎంత దూరం వెళ్ళవచ్చో అందులో కనిపిస్తుంది.

మీరే చేసి చూడండి

చివరగా ఒక ప్రయోగం. దీనికి పొడి అవసరం లేదు, పైసా ఖర్చు లేదు. మీ తరగతిలో ఆరోగ్యంగా ఉన్న 20 మందిని తీసుకోండి. వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి అడిగి, ఒక ఉదయం అందరిచేత కిలోమీటరు పరుగెత్తించి ఒక్కొక్కరి కాలం రాసుకోండి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న మిత్రులకు గడియారం పట్టే పని ఇవ్వండి. తర్వాత చీట్లు తీసి రెండు జట్లు చేయండి. ఒక జట్టు వారానికి మూడు రోజులు నెమ్మదిగా, మాట్లాడగలిగే వేగంతో 20 నిమిషాలు పరుగెత్తాలి. రెండో జట్టు మామూలుగానే ఉండాలి. ఆరు వారాల తర్వాత మళ్ళీ అదే మైదానంలో, అదే వేళకు అందరి కాలం కొలిచి, రెండు జట్ల సగటులు లెక్కకట్టండి.

సాధన చేయని జట్టు కాలం కూడా కొంచెం తగ్గిందా? అయితే ఎందుకు తగ్గిందో ఆలోచించండి. సాధన చేసిన జట్టు కాలం ఎంత తగ్గింది? ఆ రెండింటి తేడాయే సాధన ఇచ్చిన ఫలితం. ఆ అంకెలను కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. రేపు ఎవరైనా డబ్బా చూపించి "దీనితో పరుగు పెరుగుతుంది" అంటే మీరు ఈ మూడు ప్రశ్నలు అడగండి: ఎవరితో పోల్చి చూశారు? ఎంతమందిని చూశారు? ఈ డబ్బాలో ఏముందో ఎవరు పరీక్షించారు?

జవాబు రాకపోతే ఆ డబ్బుతో పల్లీలు, కోడిగుడ్లు, ఒక జత మంచి బూట్లు కొనుక్కోమని మీ అన్నకు చెప్పండి.